పొట్ట కనపడకముందే నడుం నొప్పి ఎందుకు?

నెల తప్పి రెండు నెలలు కూడా నిండలేదు. పొట్ట కనపడటం లేదు, బరువు కిలో కూడా పెరగలేదు. అయినా పొద్దున మంచం దిగబోతే నడుం పట్టేసినట్టుంటుంది, సాయంత్రానికి లాగేస్తుంటుంది. ఆ మాట పైకంటే ఇంట్లో పెద్దవాళ్ళు, "ఇప్పుడే ఇట్లా అంటే ఏడో నెలలో ఏం చేస్తావమ్మా?" అంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. గర్భిణికి నడుం నొప్పి పొట్ట బరువు వల్లే వస్తుందని మనందరికీ నాటుకుపోయింది. పొట్టే లేనప్పుడు నొప్పి ఎక్కడిదన్న అనుమానం అందులోంచి వచ్చిందే. ఇక ఆ అమ్మాయి పైకి చెప్పుకోవడం మానేసి పళ్ళబిగువున ఓర్చుకుంటుంది, లేకపోతే గర్భం నిలవదేమోనని బెదిరి మంచం ఎక్కేస్తుంది. రెండూ నడుముకు మేలు చేయవు.

గర్భిణుల్లో సగానికి పైగా ఏదో ఒక దశలో నడుం నొప్పి పడతారు. ఎక్కువమందికి అయిదో నెల దాటాక మొదలవుతుంది. తొలి మూడు నెలల్లోనే మొదలయ్యేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నొప్పికి కారణాలు వేరు, అందుకే ఉపాయాలూ కొంచెం వేరు.

బరువు లేకుండా నొప్పి ఎలా వస్తుంది?

మామూలు రోజుల్లో గర్భసంచి పిడికిలంత ఉంటుంది. పన్నెండో వారం వచ్చేదాకా అది కటి ఎముకల మధ్యనే ఉండి, ఆ తర్వాతే పొత్తికడుపు ఎముక పైకి చేతికి తగులుతుంది. అప్పటికి బిడ్డ బరువు వంద గ్రాములు కూడా ఉండదు. కాబట్టి నడుముని లాగేది బరువు కాదు, హార్మోన్లు తెచ్చిన మార్పు.

గర్భం నిలిచిన తొలి వారాల నుంచే ప్రొజెస్టెరాన్, రిలాక్సిన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. రిలాక్సిన్ అయితే మొదటి మూడు నెలల చివరికే బాగా హెచ్చు స్థాయికి చేరుతుంది. కాన్పు సమయానికి కటి ఎముకల కీళ్ళు కాస్త సాగాలి కదా, ఆ ఏర్పాటు ఇంత ముందే మొదలవుతుందన్నమాట. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, దానికి అటూ ఇటూ ఉన్న తుంటి ఎముకలతో రెండు కీళ్ళ దగ్గర కలుస్తుంది. మామూలుగా ఆ కీళ్ళు కదిలీ కదలనట్టుంటాయి. గట్టి స్నాయువులు వాటిని బిగించి పట్టుకుంటాయి. ఆ స్నాయువులు వదులైతే, అవి చేయాల్సిన పని చుట్టూ ఉన్న కండరాల మీద పడుతుంది. రోజంతా ఆ అదనపు పని చేసిన కండరాలు సాయంత్రానికి అలిసిపోయి పీకుతాయి.

మరి హార్మోన్లు అందరిలోనూ పెరుగుతాయి కదా, నొప్పి కొందరికే ఎందుకు? రిలాక్సిన్ ఎంత ఎక్కువుంటే నొప్పి అంత ఎక్కువుంటుందని పరిశోధనల్లో గట్టిగా రుజువు కాలేదు. గర్భానికి ముందు నుంచే నడుం నొప్పి ఉన్నవాళ్ళు, ముందటి కాన్పులో ఇదే బాధ పడ్డవాళ్ళు, వంగి చేసే పని ఎక్కువున్నవాళ్ళు, గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్ళు తొందరగా ఇబ్బంది పడతారు. సరిగా నిద్ర లేకపోవడం, దిగులు కూడా నొప్పిని పెంచుతాయి. ఇది ఊహల్లో పుట్టిన నొప్పని దీనికి అర్థం కాదు. నిద్ర లేని ఒంటికి అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, అంతే.

ఇంకో మూడు కారణాలు తరచూ కనిపిస్తాయి. ప్రొజెస్టెరాన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. దాంతో మలబద్ధకం, దానివల్ల నడుము అడుగున బరువు. వాంతుల భయంతో నీళ్ళు తాగడం తగ్గించేస్తే అది ఇంకా ముదురుతుంది. నాలుగు రోజులుగా విరేచనం సాఫీగా కాలేదని గమనించకుండా నడుముకి నూనె రాసుకుంటూ కూర్చునేవాళ్ళు ఎందరో. రెండోది వేవిళ్ళే. వంగి వంగి వాంతి చేసుకోవడం, తక్కిన సమయమంతా ముడుచుకుని ఒకే పక్కకు పడుకోవడంతో వీపు కండరాలు బిగుసుకుపోతాయి.

మూడోది చాలామందికి తెలియనిది. దాదాపు అయిదుగురు స్త్రీలలో ఒకరికి గర్భసంచి వెనక్కి వాలి ఉంటుంది. స్కానింగ్ కాగితం మీద ఆ మాట చూసి కంగారు పడతారు గానీ అది జబ్బు కాదు. అలాంటివాళ్ళకు గర్భసంచి పెరిగే కొద్దీ తొలి వారాల్లో వెన్ను వైపు ఒత్తిడిగా అనిపించవచ్చు. పన్నెండు, పద్నాలుగు వారాలకల్లా అది దానంతటదే పైకి లేచి సర్దుకుంటుంది. ఎక్కడో అరుదుగా అలాగే ఇరుక్కుపోతే మూత్రం రాక ఆగిపోతుంది. అది మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతి.

నొప్పి సరిగ్గా ఎక్కడ?

"నడుం నొప్పి" అని అందరం ఒకే మాట అంటాం. ఒక్క వేలితో చోటు చూపించమంటే అందులో రెండు రకాలు బయటపడతాయి. చీర కుచ్చిళ్ళు దోపుకునే గీతకు పైన, వెన్నుకు అటూ ఇటూ ఉండి, ఎక్కువసేపు కూర్చున్నా వంగినా పెరిగేది మామూలు నడుం నొప్పి. ఆ గీతకు కింద, పిరుదుల పైన గుంటలు పడే చోట, ఒకవైపో రెండువైపులో ఉండేది కటి కీళ్ళ నొప్పి. పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడు, మెట్లెక్కేటప్పుడు, ఒంటి కాలి మీద నిలబడి సల్వార్ వేసుకునేటప్పుడు ఇది చురుక్కుమంటుంది. ఈ తేడా తెలుసుకోవడం అవసరం. మామూలు నడుం నొప్పికి నడక మంచి మందు. కటి కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అదే నడకను చిన్న చిన్న విడతలుగా, చిన్న అడుగులతో చేయాలి, ఒంటి కాలి మీద బరువు వేసే పనులు మానుకోవాలి. పిరుదు నుంచి మోకాలి కిందికి జిల్లుమంటూ దిగే నరం నొప్పి గర్భిణుల్లో తక్కువగానే కనిపిస్తుంది.

ఏ నొప్పిని నడుం నొప్పి అనుకోకూడదు?

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. తొలి మూడు నెలల్లో నడుం నొప్పి ముసుగులో వచ్చేవి కొన్నున్నాయి.

మొదటిది, గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలవడం. వందలో ఒకటి రెండు గర్భాల్లో ఇలా జరుగుతుంది. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, నడుములోకి పాకడం, కొద్దిగా రక్తం కనపడటం, భుజం కొనలో నొప్పి, కళ్ళు తిరిగి చెమటలు పట్టడం దీని గుర్తులు. ఇంట్లో చేసుకునే పరీక్షలో రెండు గీతలు వచ్చాయంటే గర్భం ఉందనే అర్థం. అది ఎక్కడుందో ఆ గీతలు చెప్పవు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య స్కానింగ్ చేయించమనేది అందుకే. ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినవాళ్ళకు, కాపర్‌-టీ ఉన్నవాళ్ళకు ఒక మాట. దేశంలో స్త్రీలకు ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు ముందుంటాయి. ఆపరేషన్ అయింది కాబట్టి గర్భం రాదని, నెల తప్పినా పట్టించుకోరు. అరుదుగానైనా అలా వచ్చిన గర్భం ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. అలాంటప్పుడు నెల తప్పి పొత్తికడుపులోనో నడుములోనో నొప్పి వస్తే, వేడి కాపడం పెట్టుకుంటూ ఆగడం ప్రాణం మీదికి తెస్తుంది.

రెండోది గర్భస్రావం. నొప్పి నెలసరి నొప్పిలాగా అలలు అలలుగా నడుము నుంచి పొత్తికడుపులోకి రావడం, రక్తస్రావం, గడ్డలు పడటం దాని తీరు. రక్తం చుక్క కనపడగానే అంతా అయిపోయిందని కుంగిపోవద్దు. తొలి నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత కనపడుతుంది, వారిలో ఎక్కువమందికి గర్భం నిలిచే ఉంటుంది. నిలిచిందో లేదో చెప్పాల్సింది మాత్రం స్కానింగే.

మూడోది మూత్రంలో ఇన్ఫెక్షన్. పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి, చలితో జ్వరం, మూత్రంలో మంట కలిసి వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందని అనుమానించాలి. గర్భిణికి ఇది త్వరగా ముదురుతుంది కాబట్టి ఆసుపత్రిలోనే వైద్యం చేయాలి. ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉన్నా గర్భిణికి మందులిస్తారు. మొదటి చెకప్‌లో మూత్రం పరీక్ష రాసేది అందుకే. ఆ సీసాను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక కూర్చునే చోట మొద్దుబారినట్టుండటం, మూత్రం, మలం అదుపు తప్పడం, పాదం ఈడ్చుకుపోవడం నరాలు నలిగిన గుర్తులు. గంట కూడా ఆలస్యం చేయకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని వెన్ను నొప్పి ఉంటే క్షయ కోసం చూడాలి. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా ఉంది.

పడుకుంటే తగ్గుతుందా?

తగ్గదు. రోజంతా పడుకుంటే ఇంకా బిగుస్తుంది. పడుకుని ఉంటే గర్భస్రావం ఆగుతుందన్నదానికి కూడా ఆధారం లేదు. డాక్టరు ప్రత్యేకంగా చెప్పిన సందర్భాల్లో తప్ప, తొలి నెలల్లో మంచాన పడుకోబెట్టడం వల్ల కండరాలు బలహీనపడతాయి, మలబద్ధకం పెరుగుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా కొంత పెరుగుతుంది. నడుం నొప్పి రాకుండా, వచ్చినా పెరగకుండా గర్భం పొడుగునా వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. వారానికి 150 నిమిషాలు, అంటే వారంలో అయిదు రోజులు అరగంట చొప్పున, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడిస్తే చాలు. రక్తస్రావం అవుతున్నవాళ్ళు, గుండె జబ్బులాంటివి ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.

నడకతో పాటు ఇంట్లో చేసుకోదగ్గవి రెండు. గోడకు వీపు ఆనించి, పాదాలు జానెడు ముందుకు పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడండి. నడుము వెనక చెయ్యి దూరేంత సందు మిగులుతుంది. పొత్తికడుపును మెల్లగా లోపలికి లాక్కుంటూ నడుమును గోడకు ఆనించి ఆ సందు మూసేయండి. అయిదు లెక్కపెట్టి వదిలేయండి. ఊపిరి బిగపట్టకూడదు. పదిసార్లు చాలు. రెండోది మార్జాలాసనం. చేతులు, మోకాళ్ళ మీద ఉండి వీపును పైకి గుండ్రంగా లేపి, మళ్ళీ సమంగా తేవాలి. నడుమును కిందికి మరీ కుంగదీయకండి. కడుపులో తిప్పుతున్నప్పుడు ఇవేవీ వద్దు, వాంతులు కాస్త తెరిపిచ్చిన పూట చేయండి.

ఇంటి పనిలో ఏం మార్చుకోవాలి?

వ్యాయామం అరగంటే. తక్కిన రోజంతా నడుమును ఎలా వాడుతున్నామన్నదే పెద్ద సంగతి. మంచం మీంచి లేవడం చూడండి. చాలామంది వెల్లకిలా ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి నిటారుగా లేచి కూర్చుంటారు. అలా కాకుండా రెండు మోకాళ్ళూ దగ్గర చేర్చి, ఒళ్ళంతా ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్ళు మంచం కిందికి జారవిడుస్తూ, చేత్తో పక్కను నొక్కి లేవాలి. కటి కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఈ ఒక్క మార్పుతోనే పొద్దుటి పూట సగం బాధ తప్పుతుంది. పడుకునేటప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. ఎడమ పక్కకే తిరగాలన్న నియమం తొలి నెలల్లో లేదు, మీకు హాయిగా ఉన్న వైపు పడుకోవచ్చు.

మన పొట్టి చీపురు నడుముకు శత్రువు. వంగి ఇల్లంతా ఊడ్చడం, అక్కడే తడిగుడ్డ పెట్టడం ఈ మూడు నెలలూ ఇంకొకరు చేయాలి, లేదా పొడుగు కర్ర ఉన్నవి కొనుక్కోవాలి. తడి బట్టల బకెట్ నిండా నింపి మేడ మీదికి మోయొద్దు, రెండు విడతలుగా, సగం సగం తీసుకెళ్ళండి. కింద ఉన్నది ఎత్తాల్సొస్తే నడుము కాకుండా మోకాళ్ళు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. నీళ్ళ బిందె చంకన పెట్టుకుంటే తుంటి ఒకవైపుకు ఒరుగుతుంది. వదులైన కీళ్ళకు అదే పెద్ద బాధ. మూడేళ్ళ పెద్దపిల్లాణ్ణి చంకనేసుకోవడమూ అంతే. వాడు అలిగితే కూర్చుని ఒళ్ళోకి తీసుకోండి.

బండి మీద వెనక కూర్చునేటప్పుడు చీర కట్టుకున్నవాళ్ళు రెండు కాళ్ళూ ఒకవైపుకు వేస్తారు. దారి పొడుగునా నడుము మెలి తిరిగి ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆ మెలి మీదే దెబ్బ. ఆటోనో బస్సో మేలు. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళు నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెట్టుకుని, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. మేనేజరు ఏమనుకుంటారోనని ఆగొద్దు.

పొలం పనికి వెళ్ళేవాళ్ళ కష్టం వేరు. నాట్లు, కలుపుల్లో గంటల తరబడి వంగే ఉండాలి. మానుకోమని చెప్పడం తేలిక, కూలి పోతుంది కాబట్టి మానుకోవడం తేలిక కాదు. పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకున్న ఒడి నిండేకొద్దీ ముందుకు గుంజుతుంది. నిండేదాకా ఆగకుండా సగానికే దింపుకోవచ్చు. కొద్దిసేపటికోసారి నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టి కొంచెం వెనక్కి వంగితే కండరం తెరిపిన పడుతుంది. అదే చేలో మందు కొట్టి ఉంటే మాత్రం ఆ రోజు కూలి పోయినా సరే, గర్భిణి అందులో దిగకూడదు.

కాపడం, మర్దన, బామ్ సంగతేమిటి?

వేడినీళ్ళ సంచిని తువ్వాలులో చుట్టి నడుముకు పది, పదిహేను నిమిషాలు కాపడం పెట్టుకోవచ్చు. పొట్ట మీద వద్దు. పెట్టుకుని నిద్రపోవద్దు. గోరువెచ్చని నీళ్ళ స్నానం హాయినిస్తుంది. పొగలు కక్కే నీళ్ళలో ఎక్కువసేపు ఉండటం, ఆవిరి గదుల్లో కూర్చోవడం మాత్రం తొలి నెలల్లో పనికిరావు. ఒంటి వేడి 39 డిగ్రీలు దాటితే బిడ్డ మెదడు, వెన్ను ఏర్పడే సమయంలో హాని జరిగే అవకాశం ఉంది. అమ్మో, అత్తో కొబ్బరి నూనె రాసి అరచేత్తో మెత్తగా నిమిరితే మంచిదే. మోచేత్తో నొక్కించుకోవడం, కాలితో తొక్కించుకోవడం వద్దు. నొప్పి బామ్‌లలో కర్పూరం, మిథైల్ సాలిసిలేట్ లాంటివి ఉంటాయి, చర్మంలోంచి కొంత లోపలికి దిగుతాయి. ఎప్పుడో నుదుటికి రాసుకున్న చుక్కకు భయం అక్కర్లేదు గానీ, రోజూ నడుముకు మందంగా పట్టించకండి.

మాత్ర వేసుకోవచ్చా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే. మందుల షాపుకి వెళ్ళి "నడుం నొప్పికి బిళ్ళివ్వండి" అంటే చాలు, స్ట్రిప్ చేతికొస్తుంది. గర్భం సంగతి అక్కడ ఎవరూ అడగరు, మనమూ చెప్పం. పైగా ఇంట్లో భర్తకో మామగారికో రాసిన బిళ్ళలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో చాలావరకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఉంటాయి. ఇవి తొలి నెలల్లో గర్భస్రావం ముప్పును పెంచవచ్చన్న అనుమానం ఉంది. ఇరవయ్యో వారం తర్వాత బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. నడుం నొప్పి బిళ్ళల్లో కలిసి వచ్చే థయోకాల్చికోసైడ్ అనే కండరాల మందు గర్భిణులు అసలు వాడకూడదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఈ పేర్లు రాసే ఉంటాయి, చూసుకోండి.

నొప్పి భరించలేనప్పుడు డాక్టర్లు సాధారణంగా ఇచ్చేది పారాసిటమాల్. అదైనా తక్కువ మోతాదులో, తక్కువ రోజులే. జలుబు బిళ్ళల్లోనూ అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకోకండి. గర్భం తెలియకముందు వేరే బిళ్ళ వేసుకున్నవాళ్ళు హడలిపోవద్దు, డాక్టరుకు చెప్తే చాలు. బీపీ ముప్పు కోసమో ముందటి గర్భం పోయినందుకో డాక్టరు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు. ఇది చదివి దాన్ని ఆపేయకండి.

క్యాల్షియం తక్కువై నడుం నొప్పి వస్తోందని చాలామంది నమ్ముతారు. తొలి నెలల్లో నొప్పికి అది అరుదైన కారణం. ప్రభుత్వం క్యాల్షియం మాత్రలిచ్చేది కూడా నాలుగో నెల నుంచే. విటమిన్ డి బాగా తగ్గితే మాత్రం నడుములో, తుంటిలో నొప్పులు వస్తాయి, అనుమానముంటే పరీక్ష చేయించుకోవచ్చు. ఐరన్ మాత్రలు మొదలయ్యాక మలబద్ధకం పెరిగితే మాత్ర మానేయకుండా నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు పెంచి, ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి.

పన్నెండు వారాల లోపే పేరు నమోదు చేయించుకుని మొదటి చెకప్‌కి వెళ్ళినప్పుడు, అడిగేదాకా ఆగకుండా నడుం నొప్పి సంగతి మీరే ఎత్తండి. చోటు ఎక్కడో వేలితో చూపించండి. ఏం చేస్తే పెరుగుతోందో, రక్తం కనపడిందో లేదో, మూత్రంలో మంట ఉందో చెప్పండి. వేసుకున్న బిళ్ళ స్ట్రిప్ సంచిలో వేసుకెళ్ళండి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం చెకప్ తేదీ కోసం చూడొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.